అన్నం దొరికే ఊళ్లో పడక దొరకనివాళ్లు: తిరుపతి వ్యాపారులు ఏం చేయగలరు?

తిరుపతి ఆర్టీసీ బస్టాండులో రాత్రి పదకొండు దాటాక నేల మీద దుప్పటి పరుచుకుని పడుకున్నవాళ్లలో యాత్రికులెవరో, ఇల్లూ వాకిలీ లేనివాళ్లెవరో పోల్చుకోవడం కష్టం. అందరి తల కిందా సంచే ఉంటుంది. అందరూ అలిసిపోయే ఉంటారు. తెల్లారాక కొందరు బస్సెక్కి సొంతూరికి పోతారు. మిగిలినవాళ్లు రాత్రికి మళ్లీ అక్కడికో, రైల్వే స్టేషన్ ముందుకో, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కలకో చేరతారు.

ఈ కలగలుపు వల్ల నిరాశ్రయుల సమస్య తిరుపతి కంటికి సరిగ్గా ఆనదు. ఆనినప్పుడు మాత్రం ఊరికి మొదట తోచేది అన్నం పెట్టడమే. శనివారం పులిహోర పొట్లాలు, చలికాలంలో దుప్పట్లు, పెద్దల పేరు మీద అన్నదానం. ఇందులో తప్పేమీ లేదు. ఆకలితో ఉన్నవాడికి ఆ పూటకు ఆ పొట్లమే ముఖ్యం. కానీ ఈ ఊళ్లో అన్నానికి కొరత తక్కువ. తిరుమలలో నిత్యాన్నదానం 1985 నుంచి సాగుతోంది. రాష్ట్రంలో 2024 ఆగస్టులో మళ్లీ తెరిచిన అన్న క్యాంటీన్లలో 5 రూపాయలకే భోజనం పెడుతున్నారు. ఊళ్లో ఇప్పటికే ఉన్నదాన్ని ఇంకొంచెం పెంచడం కన్నా, లేనిదేమిటో చూడటం మేలు. రాత్రి భయం లేకుండా పడుకునే తావు లేదు. ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి చిరునామా లేదు. నెల తిరిగేసరికి వస్తుందని నమ్మకంగా చెప్పగలిగే జీతం లేదు. ఈ మూడూ వ్యాపారుల దగ్గర ఉన్నాయి. లాడ్జీలు, గోడౌన్లు, కల్యాణ మండపాలు వాళ్లవి. ఉద్యోగాలిచ్చేదీ వాళ్లే.

వీళ్లు ఎవరు, ఇక్కడే ఎందుకున్నారు

2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతా తిరిగి ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టారు. 17.7 లక్షల మంది తేలారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 1.45 లక్షల మంది. ఒక్క రాత్రిలో, అదీ జనం పడుకునే మూలలు వెతుక్కుంటూ చేసిన లెక్క అది. రోజూ వేల మంది వచ్చిపోయే తిరుపతి లాంటి ఊళ్లో అలాంటి లెక్క ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

నిరాశ్రయులంటే అంతా ఒకే రకం కాదు. తెల్లవారుజామున అడ్డా దగ్గర నిలబడే కూలీలు ఉంటారు. పని దొరికిన వారం బాగానే తింటారు, కానీ బాడుగ ఇంటికి అడ్వాన్స్ కట్టే పరిస్థితి వాళ్లకు ఎప్పుడూ రాదు. రుయా, స్విమ్స్ ఆసుపత్రులకు రోగిని తీసుకొచ్చి, చేతిలో డబ్బు అయిపోయి, నెలల తరబడి ఆవరణలోనే ఉండిపోయే కుటుంబాలు ఉంటాయి. కొండ చూపిస్తామని తీసుకొచ్చి పిల్లలు వదిలేసిపోయిన ముసలివాళ్లు ఉంటారు. పెద్దలను అలా వదిలేయడం 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం నేరం, మూడు నెలల వరకు జైలు పడొచ్చు. అయినా ఫిర్యాదు చేసే తల్లి ఎంతమందిలో ఒకరుంటారు? మనసు చెదిరి, ఏ రైలెక్కారో ఎక్కడ దిగారో తెలియకుండా తిరిగేవాళ్లు ఉంటారు. ఇంట్లో దెబ్బలు భరించలేక బయటపడిన ఆడవాళ్లు ఉంటారు. వీళ్లు బయట పడుకోరు, పడుకోలేరు. రాత్రంతా జనం మధ్య కూర్చుని గడిపేస్తారు. అందుకే మనం చూసే వరసల్లో ఆడవాళ్లు తక్కువగా కనిపిస్తారు.

ఇంతమందికీ ఒకే మందు లేదు. కూలీకి కావాల్సింది గది, ముసలమ్మకు కావాల్సింది మనిషి తోడు, మనసు బాగాలేనివారికి ముందు వైద్యం.

వీళ్లు ఊరి నడిబొడ్డునే ఎందుకుంటారన్నది దుకాణదారులు తరచుగా అడిగే ప్రశ్న. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్ల గురించి సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. పని అక్కడుంది కాబట్టి వాళ్లు అక్కడున్నారు, అక్కడినుంచి వెళ్లగొడితే బతుకుతెరువు పోతుంది, బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమే అని. తిరుపతిలోనూ అంతే. మూటలు మోసేది, పాత్రలు తోమేది, రూములు తుడిచేది బస్టాండు, స్టేషన్, గాంధీ రోడ్డు పరిసరాల్లోనే. ఊరికి దూరంగా షెల్టర్ కడితే పడకలు ఖాళీగా ఉంటాయి. అప్పుడు "కట్టించినా రారు" అన్న మాట పుడుతుంది. రాకపోవడానికి కారణం మనిషి మొండితనం కాదు, షెల్టర్ కట్టిన చోటు.

ప్రభుత్వ ప్రమాణం సంగతి కూడా చూడాలి. సుప్రీంకోర్టు 2010 ఆదేశాలు, ఆ తర్వాత వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ చెప్పింది లక్ష జనాభాకు వంద మంది పట్టే ఒక షెల్టర్. మన రాష్ట్రంలో ఆ పని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ), మున్సిపాలిటీల చేతిలో ఉంది. 2011 లెక్కల్లో తిరుపతి నగర జనాభా దాదాపు 2.87 లక్షలు. ఆ లెక్కన మూడు షెల్టర్లు చాలు. కానీ ఈ ఊరు బతికేది ఇక్కడ ఓటున్న జనం మీద మాత్రమే కాదు. రోజూ కొండకు వచ్చే 60, 70 వేల మంది మీద. వాళ్లకు సేవ చేయడానికి తమిళనాడు పల్లెల నుంచి, అనంతపురం వైపు నుంచి, ఉత్తరాది నుంచి వచ్చిన పనివాళ్ల మీద. ఆ జనం ప్రమాణంలోకి రారు. వాళ్ల వల్ల వచ్చే ఆదాయం మాత్రం వ్యాపారాల గల్లాపెట్టెలోకి వస్తుంది. కాబట్టి ఈ లోటులో వ్యాపారులకు బాధ్యత ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు మీ పనివాళ్లు ఎక్కడ పడుకుంటున్నారో చూడండి

బయటి నిరాశ్రయుల దగ్గరికి వెళ్లే ముందు ప్రతి యజమానీ వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. హోటల్లో టేబుళ్లు తుడిచే కుర్రాడు రాత్రి ఎక్కడ పడుకుంటాడు? లాడ్జీ రూమ్ బాయ్ ఏ మెట్ల కింద చాప వేస్తాడు? పనిచేసే చోటే పడుకునేవాడిని ఏ లెక్కా నిరాశ్రయుడు అనదు. కానీ పని పోయిన రోజే అతని పడక కూడా పోతుంది. 2020 మార్చి 20 నుంచి రెండున్నర నెలలకు పైగా శ్రీవారి దర్శనాలు ఆగిపోయాయి. లాడ్జీలు, హోటళ్లు మూతపడ్డాయి. పనిచోటే పడకగా బతికేవాళ్లకు అలాంటి మూత అంటే జీతం, తిండి, పడక మూడూ ఒకేసారి పోవడం.

ఎక్కువ మంది వీధిన పడేది ఏదో ఒక్కసారి జరిగిన దెబ్బతోనే. కాలు విరుగుతుంది, లేదా టీబీ బయటపడుతుంది. నెల రోజులు పనికి పోలేరు, జీతం ఆగుతుంది, రెండు నెలలు బాడుగ కట్టరు, ఇల్లు ఖాళీ చేయమంటారు. ఈ వరసను మొదట్లోనే ఆపే ఏర్పాటు చట్టంలోనే ఉంది. పది మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థల్లో నెలకు 21,000 దాకా జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) వర్తిస్తుంది. యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. 18,000 జీతానికి యజమాని కట్టాల్సింది నెలకు 585 రూపాయలు. నిర్ణీత రోజులు చందా కట్టి ఉంటే, జబ్బు చేసినప్పుడు జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల వరకు వస్తుంది. అంటే మంచం పట్టిన మనిషి బాడుగ కట్టుకోగలడు. ఈ 585 మిగుల్చుకోవడానికి పనివాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కించని యజమాని, ఆ తర్వాత వెయ్యి దుప్పట్లు పంచినా జరిగిన నష్టం పూడదు. దుప్పట్ల పంపిణీకి ఫొటోలు వస్తాయి, ఈఎస్ఐ చలానాకు రావు. అయినా మనుషులు వీధిన పడకుండా ఆపేది ఆ చలానానే.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకూ ఇదే వర్తిస్తుంది. తోతాపురి సీజన్‌లో కూలీలు వందల్లో కావాలి. సీజన్ అయ్యాక వాళ్లు ఎక్కడికి పోతారన్నది ఎవరి లెక్కలోనూ ఉండదు. ఆఖరి వారం జీతంతో పాటు ఊరికి పోయే చార్జీ, బాకీ ఏమీ లేదన్న కాగితం ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు.

ఉద్యోగం ఇస్తే చాలదు

నిరాశ్రయుడికి పని ఇస్తే సమస్య తీరినట్టే అనిపిస్తుంది. పని ఇచ్చి చూసిన యజమానులు "వారం తిరగకుండానే మాయమయ్యాడు" అంటారు. ఎందుకలా జరుగుతుందో అతని వైపు నుంచి చూద్దాం. అడ్డాలో రోజుకు 600 సంపాదించి ఆ రాత్రే ఖర్చు పెట్టుకునే మనిషికి, నెలకు 18,000 ఇస్తామన్నారనుకుందాం. మొదటి జీతం వచ్చేదాకా ముప్పై రోజులు ఏం తినాలి? సంచి ఎక్కడ పెట్టాలి? బయట పెడితే పోతుంది, తనతో తెచ్చుకుంటే సూపర్‌వైజర్ గదమాయిస్తాడు. పొద్దున ఏడుకు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని రమ్మంటే నీళ్లెక్కడ? ఫోను చార్జింగ్ ఎక్కడ? జీతం బ్యాంకులో వేస్తామంటే ఖాతా ఎక్కడిది?

కాబట్టి ఉద్యోగంతో పాటు చిన్న చిన్న ఏర్పాట్లు కొన్ని కావాలి. మొదటి రెండు నెలలు వారానికోసారి జీతం, తాళమున్న ఒక అర, పనికి ముందు వాడుకోవడానికి బాత్రూము, రెండు జతల యూనిఫారం, జన్‌ధన్ ఖాతా తెరిపించడానికి బ్యాంకు దాకా తోడు వెళ్లే ఒక మనిషి. తిరుపతి లాడ్జీకి ఇవేవీ కొత్తగా కొనాల్సినవి కావు. బాత్రూములు, లాండ్రీ, అరలు వాళ్ల వ్యాపారంలోనే ఉన్నాయి.

న్యూయార్క్ పక్కన యాంకర్స్ అనే ఊళ్లో 1982లో మొదలైన గ్రేస్టన్ బేకరీ ఈ పని వేరే దారిలో చేస్తోంది. పని కావాల్సినవాళ్లు జాబితాలో పేరు రాసి పోతారు. ఖాళీ వచ్చినప్పుడు వరసలో ఉన్నవారిని పిలుస్తారు. ఇంటర్వ్యూ లేదు, గతం గురించి ప్రశ్నలు లేవు. శిక్షణ ఇస్తారు, పని నేర్చుకుంటే ఉద్యోగం. ఆ పద్ధతిని ఇక్కడ యథాతథంగా దించలేం. కానీ "మీకు తెలిసినవాళ్లెవరు, ఎవరు పూచీ" అన్న మొదటి ప్రశ్న దగ్గరే నిరాశ్రయుడు తలుపు బయట ఆగిపోతాడన్నది అక్కడా ఇక్కడా ఒకటే.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. "తిండి పెట్టి, గది ఇస్తున్నాంగా" అని జీతం కోసే అలవాటు మన దగ్గర ఉంది. అడ్వాన్స్ చేతిలో పెట్టి, అది తీరేదాకా కదలనివ్వకపోతే అది సాయం కాదు, 1976 చట్టం నిషేధించిన వెట్టిచాకిరీ. మన జిల్లాల్లో ఇటుక బట్టీల దగ్గర యానాదుల కుటుంబాలు ఆ ఉచ్చులో ఎలా చిక్కుకున్నాయో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. దిక్కులేని మనిషి బేరమాడలేడు, కాబట్టి అతనికి సాయం చేసేటప్పుడు ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. కనీస వేతనం పూర్తిగా ఇవ్వాలి, గది వేరుగా, బాడుగ రసీదుతో ఉండాలి. పని మానేసినా కనీసం ఒక నెల ఆ గదిలో ఉండే వీలుండాలి. ఆధార్ కార్డు యజమాని బీరువాలో పెట్టుకోకూడదు.

కాగితం లేని మనిషి

గుర్తింపు కార్డు లేకపోతే లాడ్జీలో గది రాదు, బ్యాంకు ఖాతా రాదు, ఇళ్ల పథకానికి దరఖాస్తు ముందుకు కదలదు. కార్డు కావాలంటే చిరునామా అడుగుతారు. ఈ ముడి విప్పే దారులు నిబంధనల్లో ఉన్నాయి, కానీ చాలామందికి తెలియవు. గుర్తింపు ఉన్న షెల్టర్ నిర్వాహకులు, కార్పొరేటర్, ఎమ్మెల్యే, తహసీల్దార్ లాంటివాళ్లు నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రంతో ఆధార్ నమోదు చేయించుకోవచ్చు. ఓటు నమోదుకైతే ఇల్లు లేనివాళ్ల నుంచి నివాస రుజువు అడగకూడదని ఎన్నికల సంఘం నిబంధన. తాను పడుకునే చోటు చెబితే, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి ఆ మనిషి అక్కడే ఉంటున్నాడా అని చూడాలి.

దుకాణదారు ఆ ధ్రువపత్రం ఇవ్వలేడు. కానీ ఫలానా మనిషి మూడేళ్లుగా మా షాపు ముందే ఉంటున్నాడని కార్పొరేటర్ దగ్గర చెప్పగలడు. ఉత్తరాలు వస్తే తీసి పెట్టగలడు. ఆధార్ కేంద్రంలో పడిగాపులు కాసే ఆ రోజుకు కూలి నష్టపోకుండా చూడగలడు. ఇంతకన్నా తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద ఫలితం వచ్చే పని ఇంకొకటి నాకు తోచడం లేదు.

బాడుగ ఇంటి అడ్వాన్స్ కూడా ఇలాంటి అడ్డంకే. నెలనెలా బాడుగ కట్టగలిగిన కూలీ కూడా, ముందే కట్టాల్సిన కొన్ని నెలల అడ్వాన్స్ దగ్గర ఆగిపోతాడు. వ్యాపారుల సంఘం ఒక నిధి పెట్టి, డబ్బు చేతికివ్వకుండా ఇంటి యజమానికి పూచీ మాత్రం ఇవ్వొచ్చు. బాడుగ ఎగ్గొడితే సంఘం కడుతుంది, లేకపోతే నిధి అలాగే ఉంటుంది, ఇంకొకరికి పనికొస్తుంది. లెక్క కోసం చూద్దాం: 50 దుకాణాలు నెలకు 1,500 చొప్పున వేస్తే నెలకు 75,000. ఏడాదికి 9 లక్షలు. ఒకే చోట ఖర్చయిపోతే అది చిన్న మొత్తం, పూచీగా తిరుగుతూ ఉంటే పెద్దది. ఫిన్లాండ్‌లో ఇళ్లు సంపాదించి నిరాశ్రయులకు బాడుగకు ఇచ్చే వై-ఫౌండేషన్ 1985లో ఏర్పడింది. దాని స్థాపకుల్లో అక్కడి నిర్మాణ పరిశ్రమల సమాఖ్య కూడా ఉంది. ఇళ్లు కట్టేవాళ్లు ఈ పనిలో ఉండాలని ఆ దేశం అప్పుడే అనుకుంది.

పెద్ద కంపెనీల డబ్బు ఎటు పోవాలి

కరకంబాడి, రేణిగుంట, ఏర్పేడు, శ్రీసిటీ వైపు పెద్ద ఫ్యాక్టరీలున్నాయి. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 135 ప్రకారం నికర ఆస్తి 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటినా మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలని చట్టమే చెబుతోంది. పేదరిక నిర్మూలన, మహిళలకు వసతి గృహాలు, వృద్ధాశ్రమాలు, ఉపాధి నైపుణ్యాలు అనుమతించిన జాబితాలోనే ఉన్నాయి. సొంత ఉద్యోగుల హాస్టల్ మాత్రం ఈ లెక్కలోకి రాదు.

డబ్బు సాధారణంగా కట్టడాలకే పోతుంది. శిలాఫలకం ఉంటుంది, రిబ్బన్ కటింగ్ ఉంటుంది. షెల్టర్లకు కరువయ్యేది గోడలు కాదు, వాటిని నడిపే ఖర్చు. రాత్రి కాపలా, ఆడవాళ్ల విభాగంలో మహిళా సిబ్బంది, నీళ్లు, దుప్పట్లు ఉతికే ఖర్చు, కాగితాల పనులు చూసే ఒక సామాజిక కార్యకర్త జీతం. మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్ల వరకు సాగే ప్రాజెక్టును చట్టం ఒప్పుకుంటుంది. ఏ కంపెనీ అయినా ఇప్పటికే ఉన్న ఒక మున్సిపల్ షెల్టర్ నడిపే ఖర్చును అంతకాలం భరిస్తానని ఒప్పందం రాసుకుంటే, కొత్త భవనం కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది. డబ్బు అందుకునే సంస్థ అందుకోసం సీఎస్ఆర్-1 ఫారంతో ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకుని ఉండాలి, ఇది ముందే చూసుకోవాలి.

మిగిలిన అన్నం పంచాలనుకునే హోటళ్లకు ఒక మాట. దీనికి దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లోనే ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. నమోదైన సంస్థ ద్వారా, తినగలిగే సమయం లోపే చేరేలా పంపితే మంచిది.

ఇక మనసు చెదిరి తిరిగే మనిషి. దుకాణం మెట్ల మీద నీళ్లు పోసి లేపేయడం అన్నిటికన్నా క్రూరమైన పని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 100 ప్రకారం అలాంటి వ్యక్తికి రక్షణ కల్పించడం స్టేషన్ అధికారి బాధ్యత. 24 గంటల్లో ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో ఉంచకూడదు, ఇల్లు లేనివారైతే మిస్సింగ్ కేసు నమోదు చేసి కుటుంబాన్ని వెతకాలి. టీ అంగడి యజమానికి ఈ సెక్షన్ తెలిస్తే, "తీసుకుపోండి సార్" అనే బదులు "ఆసుపత్రికి చేర్చండి సార్" అని అడగగలడు. గల్లా పక్కన 108, 112తో పాటు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, మానసిక ఆరోగ్య సాయానికి టెలీ మానస్ 14416 రాసి అంటించుకోవచ్చు. వీధిలో మొదట గమనించేది టీ అంగడివాళ్లే. నిన్న లేని ముసలాయన ఈరోజు కనిపిస్తే వాళ్లకు తెలుస్తుంది. మొదటి వారంలో పట్టుకుంటే ఊరూ పేరూ కనుక్కోవచ్చు, ఆరు నెలలయ్యాక అది చాలా కష్టం.

తిరుపతికి అసలు పరీక్ష అక్టోబరు నుంచి మొదలవుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు మనకు అప్పుడే. 2021 నవంబరు 18న వీధులు చెరువులైనప్పుడు ఇళ్లున్నవాళ్లే మేడలెక్కాల్సి వచ్చింది. ఆ నెలల్లో రాత్రి తలదాచుకోవడానికి కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు. కార్తీకంలో పెళ్లి ముహూర్తాలుంటాయి కాబట్టి కల్యాణ మండపాలు దొరకవు, అప్పుడు గోడౌన్లు కావాలి. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం పట్టాక పెళ్లిళ్లు ఆగుతాయి. వైకుంఠ ఏకాదశి రద్దీ పది రోజులు తప్పిస్తే, చలి ముదిరే ఆ నెలలో మండపాలు చాలావరకు ఖాళీ. హాలు ఉంటుంది, బాత్రూములుంటాయి, వంటిల్లు ఉంటుంది, వాచ్‌మన్ కూడా ఉంటాడు. మండపాల యజమానులు వంతులు వేసుకుని ఒక్కొక్కరు వారం చొప్పున రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా హాలు ఇవ్వాలి. కరెంటు, శుభ్రం చేసే ఖర్చు సంఘం నిధి నుంచి కట్టాలి. ఆడవాళ్లకు విడిగా ఒక మండపం ఉండాలి. పోలీసులతో, నగరపాలక సంస్థతో, షెల్టర్ నడిపే సంస్థతో ఈ మాటలన్నీ సెప్టెంబరులోపే తేల్చుకోవాలి. వాన మొదలయ్యాక మీటింగులు పెట్టుకుంటే ఆ ఏడాదికి ఆలస్యమైనట్టే.